కళాయి పూసిన చక్రవర్తులు

పాత నాణేలు పోగుచేసేవాళ్ళలో ఎక్కువమంది ముచ్చటపడి చేస్తారు. నేను కోపంతో మొదలుపెట్టాను. మా నాన్న దొంగిలించాడని ఊరంతా అన్న నాణేలు అసలు ఎలా ఉంటాయో, వాటి మీద ఎవడి ముఖం ఉంటుందో, ఏ దేవత ఏం పట్టుకుని నిలబడుతుందో తెలుసుకోకుండా చావకూడదని పంతం పట్టాను. ఆ పంతం ఎంతదాకా వచ్చిందంటే, ట్యూనిస్‌కి మూడు గంటల దూరంలో ఉన్న మా ఊరు బీర్ రుమ్మానా చుట్టుపక్కల ఎవరి తోటలో రోము బిళ్ళ బయటపడ్డా ముందు నా గుమ్మం తొక్కాల్సిందే. నేను హైస్కూల్లో చరిత్ర చెబుతాను. నా దగ్గరున్న ప్రతి నాణెమూ ప్రభుత్వానికి చెప్పి పెట్టుకున్నదే. ఖెమైస్ కూతురి ఇంట్లో దొంగచాటు చిల్లుకాణీ కూడా ఉండటానికి వీల్లేదు మరి.

మా నాన్న ఖెమైస్ ట్రాక్టరు డ్రైవరు. నా చిన్నతనంలో ఒకరోజు ఊరి పెద్ద రైతు ఆలివ్ తోట దున్నుతుంటే నాగలికి కుండ తగిలింది. పైకి లేచింది సగమే. లోపల నాణేలు ఒకదానికొకటి అతుక్కుపోయి, చిలుము పట్టి, పచ్చటి ముద్దలా ఉన్నాయి. నాన్న కోటు విప్పి అందులో దాన్ని చుట్టి, ట్రాక్టరును చాల్లోనే వదిలేసి, తిన్నగా ఊళ్ళోని చిన్న మ్యూజియానికి పట్టుకెళ్ళాడు. శభాష్ అంటారనుకున్నాడు వెర్రి మనిషి. "రెండో సగం ఏదిరా?" అన్నారు. నాగలి ఎటో ఈడ్చేసింది, నేలలోనే ఉంటుంది అన్నాడు. ఒకటి రెండు గుంటలు తవ్వి, చేతులు దులుపుకుని, అమ్ముకున్నాడని తేల్చేశారు. ఠాణాలో పెట్టి కొట్టారు. రుజువు లేదని పోలీసులు వదిలేశారు గానీ ఊరు వదల్లేదు. 'సగంకుండ' అని పేరు పెట్టింది. ఆ తర్వాత ఎవరూ ఆయనకు ట్రాక్టరు తాళం ఇవ్వలేదు. పరాయి తోటల్లో కాయలు ఏరి మమ్మల్ని పెంచాడు.

నిండుకుండ తొణకదంటారు. నేను సగంకుండ కూతుర్ని, తొణుకుతూనే ఉంటాను. స్కూల్లో పిల్లలు నన్ను చూసి హడలిపోతారని హెడ్మాస్టరు బాధ. హడలనీయండి, నేనూ హడలిపోతూనే పెరిగాను.

నాన్న పోయి నాలుగేళ్ళయింది. చివరి రోజుల్లో మనుషుల్ని పోల్చుకోలేకపోయినా, "నేలలోనే ఉంది వసీలా, నేలలోనే" అనేవాడు.

ఈ శీతాకాలం అదే తోటలో నీటి గొట్టాల కోసం కందకం తవ్వుతున్నారు. రంజాన్ నెల ఇంకొన్ని రోజుల్లో వస్తుందనగా, శుక్రవారం మధ్యాహ్నం, ఆ తవ్వే యంత్రం నడిపే మోంజీ మా ఇంటికొచ్చాడు. చంకలో ఎరువుల సంచి.

"లల్లా," అన్నాడు, మావాళ్ళు ఆడవాళ్ళను మర్యాదగా పిలిచే పిలుపుతో, "ఇదేదో చూడు. రాయి అనుకుని విసిరేయబోయాను. బరువు చూస్తే రాయిలా లేదు."

సంచి విప్పాను. కుండపెంకు ఇంకా అంటుకునే ఉన్న పచ్చటి ముద్ద. గడపమీదే కూలబడ్డాను.

మ్యూజియంలో ఉన్న సగం గురించి ఒక మాట చెప్పాలి. కేసు వస్తువు కదా అని దాన్ని ఎవరూ కడగలేదు, విడదీయలేదు. తెచ్చింది తెచ్చినట్టే గాజుపెట్టెలో పడేశారు. దాని విరిగిన వైపు ఒక గుండ్రటి గూడుంది. ఒక పెద్ద నాణెం ఊడిపోయిన చోటది. నాణెం పోయినా దాని ముఖం చిలుములో అచ్చుపడి మిగిలింది: తలమీద ఆకుల దండ, గడ్డంలేని నున్నటి చెంప, గోర్డియన్ అనే కుర్ర చక్రవర్తి. వాడి తాతను మా నేలమీదే చక్రవర్తిని చేశారు, నెల తిరక్కుండానే పోయాడు. అది వేరే ఏడుపు. ఆ గూడును నేను ఎన్నిసార్లు చూశానంటే, కళ్ళు మూసుకుని బొమ్మ గీయగలను.

మోంజీ తెచ్చిన ముద్దకు విరిగిన వైపు ఒక పెద్ద నాణెం ఉంది. దాని వీపు ముద్దకు అతుక్కుని, ముఖం బయటికి తిరిగి ఉంది. మట్టి ఊదాను. ఆకుల దండ. నున్నటి చెంప. ఆ విరుపు మీదుగా ఆలివ్ వేళ్ళు వెంట్రుకల్లా అల్లుకుని ఉన్నాయి. విరిగాక ఏళ్ళ తరబడి నేలలో పడుంటే తప్ప అలా అల్లుకోవు. దొంగ సొత్తు దాచుకున్నవాడు ఎవడూ దాన్ని వేళ్ళ చేత అల్లించలేడు.

"మోంజీ, ఇది ఎక్కడ తగిలిందో చూపించగలవా?"

"ఎందుకు చూపించను లల్లా? పల్లంలో, ఒంటి చెట్టు అవతల."

నాన్న దున్నిన చోటికి దిగువ, నాగలి ఈడ్చుకుపోయే వైపే. నేను ఏడ్చాను. మోంజీ తల దించుకుని నిలబడ్డాడు.

ఇక్కడి మ్యూజియం కాపలాదారు చేతిలో పెట్టి వచ్చెయ్యడానికి నేను మా నాన్నంత అమాయకురాలిని కాను. ఆయన ఒంటరిగా తీసుకెళ్ళి ఇచ్చాడు, అనుభవించాడు. నేను ట్యూనిస్‌కి ఫోన్ చేశాను. పురావస్తు శాఖ పెద్ద అధికారి అయాదీ, మర్యాదగా మేమనే సీ అయాదీ, మంగళవారం స్వయంగా వస్తానన్నాడు. ఆయన కళ్ళముందు, నలుగురి ఎదుట, ఈ ముఖాన్ని ఆ గూట్లో కూర్చోబెట్టాలి. అప్పుడు మాట్లాడాలి ఎవడైనా. అంతవరకు ముద్దను పాత గుడ్డలో చుట్టి సామాన్ల గదిలో అటక మీద పెట్టాను. మా ఇంట్లో కెమెరా లేదు, ఫోన్లో కూడా లేదు; ఫొటో తీయిద్దామంటే మా ఊరి స్టూడియోవాడి నోట్లో నువ్వుగింజ నానదు. నిధి దొరికిందని గుప్పుమంటే చాలు, నిధిని కాసే జిన్నుల్ని కట్టేస్తామంటూ సాంబ్రాణి పొగతో మంత్రగాళ్ళు దిగుతారు. అందుకని మా తమ్ముడు రిదాకి ఒక్కడికే చెప్పాను. మేమంతా ఒకే ఇంట్లో ఉంటాం.

రిదా తన భార్య షెద్లియాకు అసలు విషయం చెప్పలేదు. "మంగళవారం ట్యూనిస్ నుంచి పెద్దాయన వస్తాడు, అటక మీది అక్క నాణేలు చూడటానికి" అని మాత్రం అన్నాడట. సగం దాచి సగం చెప్పడం మా ఇంటి జబ్బు.

రంజాన్ ముందు రోజుల్లో మా ఊళ్ళో ఏ వంటింట్లోనూ రాగి గిన్నె కనబడదు. అన్నీ కళాయి వేసే మేస్త్రీ ఉస్తా సస్సీ కొట్టు ముందు బారులు తీరి ఉంటాయి. కళాయి పోయిన గిన్నెలో మొదటి రోజు ఉపవాసం విడిచే చోర్బా సూపు కాస్తే ఆ ఇంటి ఆడవాళ్ళను ఏడాదంతా చెప్పుకుంటారు. ఇది నేను పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే. అయినా ఆ సోమవారం సాయంత్రం స్కూలు నుంచి వచ్చి, పెరట్లో అద్దాల్లా మెరుస్తున్న గిన్నెలు చూసినప్పుడు నాకేమీ తట్టలేదు.

షెద్లియా ముఖం వెలిగిపోతోంది. "వదినా, కళ్ళు మూసుకో!"

"నాకు పనుంది."

"మూసుకోమంటుంటే!" ఎంబ్రాయిడరీ గుడ్డ కప్పిన పళ్ళెం నా ముందు పెట్టి, గుడ్డ లాగేసింది.

పళ్ళెం నిండా తెల్లటి బిళ్ళలు. కొత్త చెంచాల్లా తళతళలాడుతున్నాయి.

"ఏమిటివి?"

"నీ బిళ్ళలే! గుర్తుపట్టలేదూ? అటక మీద పేడముద్దలా పడున్నాయి. ట్యూనిస్ మనిషి ముందు అది పెడితే ఈ ఇంట్లో ఆడదిక్కు లేదనుకోడూ? శనివారమే గిన్నెలతో పాటు ఉస్తా సస్సీకి పంపాను. పాపం, వీటికి డబ్బులు కూడా వద్దన్నాడు."

అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మాటలు ఇక్కడ రాయను. పక్కింటివాళ్ళు గోడెక్కి చూశారు. పళ్ళెం విసిరికొట్టాను. చక్రవర్తులు పెరడంతా దొర్లారు. షెద్లియా వంగి ఒక్కొక్కటే ఏరుతూ ఏడ్చింది.

"శుభ్రం చేస్తే తప్పా వదినా? మురికి ఉంటే కడగమా?"

"అది మురికి కాదే! అది మా నాన్న మాట! ముప్ఫై ఏళ్ళు ఆయన చెప్పిన మాటకి అదొక్కటే సాక్ష్యం. నువ్వు దాన్ని యాసిడ్‌లో ముంచి తెచ్చావు!"

అప్పుడు రిదా తడబడుతూ భార్యకు సంగతంతా చెప్పాడు. ఆమె ముఖంలో నెత్తురు లేదు. ఏరిన బిళ్ళలు పళ్ళెంలో పెట్టి నెమ్మదిగా అంది: "మామగారు మంచాన పడితే ఆయన ఒళ్ళు కడిగింది నేను. ఆయన బిళ్ళలు కడిగితే ఇలా అవుతుందని నాకెవరు చెప్పారు వదినా?"

ఆ మాట న్యాయమైనదే. న్యాయమైన మాట వింటే కోపం తగ్గాలి. నాకు పెరిగింది. చెప్పులు తొడుక్కుని ఉస్తా సస్సీ కొట్టుకి పోయాను.

ముసలాయన కొలిమి ముందు నవాసారం పొగలో కూర్చుని నవ్వాడు. "రా లల్లా! బాగా వచ్చాయా? చచ్చేంత పనయింది. సుత్తితో కొడితే గానీ విడలేదు. యాసిడ్‌లో నానేసి, ఇసకలో పోసి కాళ్ళతో తొక్కి, అప్పుడు పూశాను కళాయి."

"కుండపెంకులు ఏం చేశావు ఉస్తా?"

"చెత్తలో పారేశా. మునిసిపాలిటీ బండి వచ్చి పట్టుకుపోయింది."

"వేళ్ళు?"

"వేళ్ళేమిటి? పీచా? పొయ్యిలో వేశా." నా ముఖం చూసి కాస్త తగ్గాడు. "ఒక కుర్రాడి ముక్కు కొంచెం అరిగింది, ఒప్పుకుంటాను. పట్రా, ఉలితో చెక్కి నిలబెడతాను."

"నీ ఉలి నీ కొలిమిలోనే పెట్టుకో" అని కేకేసి వచ్చేశాను. ఆయన తప్పేముంది? నల్లగా ఇచ్చింది తెల్లగా చేయడమే ఆయన బతుకు. తప్పు లేనివాళ్ళ మీద కోపం వస్తే ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు, అది మరీ మంట.

ఇక మిగిలిన సాక్షి మోంజీ. పొద్దు వాలుతుంటే తోటకి వెళ్ళాను. యంత్రం ఆపకుండానే, పైనుంచే మాట్లాడాడు.

"రేపు మ్యూజియానికి వచ్చి, ఇది నీకు ఎక్కడ తగిలిందో చెప్పాలి మోంజీ."

"ఏది లల్లా?"

"ఏది అంటావేమిటి? నువ్వు తెచ్చిన ముద్ద!"

"నేనేం తేలేదు."

"మోంజీ, మా గడపమీద నిలబడి..."

అప్పుడు యంత్రం ఆపాడు. దిగి, గొంతు తగ్గించి అన్నాడు: "లల్లా, నాకు ముగ్గురు పిల్లలు. ముద్దగా ఉంటే నువ్వే చూసుకునేదానివి. ఇప్పుడు తళతళలాడే బిళ్ళలట కదా, ఊరంతా తెలిసింది. ఇంకెన్ని తీశావు, ఎక్కడ దాచావు అని నన్ను ఎత్తుకుపోతారు. నిజం చెప్పినందుకు మీ నాన్నకేమైందో మేమంతా చూశాం కదా."

వాణ్ణి చెంపమీద కొట్టాలనిపించింది. మా నాన్నను కొట్టిన దెబ్బలు ఇన్నేళ్ళకి కూడా పనిచేస్తున్నాయి, ఇంకొకడి నోరు మూయిస్తున్నాయి.

ఇంటికొచ్చేసరికి రిదా నాణేలన్నీ మూటకట్టి సిద్ధంగా ఉన్నాడు. "బావిలో వేసేద్దాం అక్కా. ఇవి చూపిస్తే ఏమనుకుంటారో తెలుసా? సగం ఇచ్చి సగం దాచాడు, ఇన్నాళ్ళకి కూతురు బయటపెట్టింది అంటారు. మన చేతుల్తో మనమే నాన్నను దొంగ అని రాసిచ్చినట్టు."

"తెలుసు."

"మరి?"

"నాన్నకి సగం దొరికితే సగం తెచ్చి ఇచ్చాడు. మనకి సగం దొరికితే బావిలో వేస్తామా? అప్పుడు ఈ ఇంట్లో నిజంగానే దొంగలుంటారురా. ఇన్నాళ్ళూ లేరు."

"పంతం! నీదంతా పంతం!"

"అవును. ఆయన నాకిచ్చిన ఆస్తి అదొక్కటే. మూట ఇలా ఇవ్వు."

మంగళవారం, ఉపవాసాల మొదటి రోజు. సీ అయాదీ ట్యూనిస్ నుంచి మధ్యాహ్నానికి వచ్చాడు. అరవై దాటిన మనిషి, ఎండిన పెదాలు, నెమ్మదైన మాట. మ్యూజియం వెనక గదిలో గాజుపెట్టె తెరిపించి, నాన్న తెచ్చిన సగాన్ని బల్లమీద పెట్టించాడు. నేను మూట విప్పాను.

"ఇవేమిటమ్మా, చెంచాలు కరిగించారా?"

కాపలాదారు కిసుక్కుమన్నాడు. నేను అంతా చెప్పాను. మోంజీ పేరు మాత్రం చెప్పలేదు. ఆ పిరికివాణ్ణి పట్టిచ్చి నేనేం బావుకోవాలి? పేరు లేని సాక్షి గురించి వినేటప్పుడు ఎవరైనా చూసే చూపే సీ అయాదీ చూశాడు.

"సరే. ఇవి ఎవరివో చెప్పగలరా? కళాయి కింద నాకేమీ ఆనడం లేదు."

చెప్పకుండా ఉండలేకపోయాను. అదీ నా దౌర్భాగ్యం. ఒక్కొక్కటే వెలుతురుకు ఏటవాలుగా పట్టి, వేలి గోటితో తడిమి చెప్పాను. ముందుకు పొడుచుకొచ్చిన గడ్డం మాక్సిమిన్ చక్రవర్తిది. పాయలు పాయలుగా వెనక్కి దువ్వి ముడేసిన జుట్టు రోము చక్రవర్తి అలెగ్జాండర్ తల్లిది. వెనక వైపు త్రాసు పట్టుకున్న దేవత, ఆమె పక్కన అరిగిన రెండక్షరాలు. గోర్డియన్ కుర్రాడివి అన్నిటికంటే ఎక్కువ, అన్నిటికంటే కొత్తవి. అవతలి సగంలోనూ సరిగ్గా ఇదే వరస, ఇక్కడే ముగుస్తుంది.

సీ అయాదీ తలూపుతూ విన్నాడు. ముచ్చటపడ్డాడు కూడా. "ఇంత బాగా పోల్చేవాళ్ళు మా దగ్గర కూడా తక్కువే. అయితే సందేహం లేదు, ఒకే కుండ."

"ఒకే కుండ."

"అంటే అప్పట్లో అన్నది నిజమే అన్నమాట."

"ఏది నిజం?"

"రెండో సగం మీ ఇంట్లోనే ఉందని."

ముక్కు అరిగిన కుర్ర చక్రవర్తిని తీసి, నాన్న తెచ్చిన సగంలోని గూట్లో పెట్టాను. యాసిడ్ తిన్న అంచులు. గూట్లో వదులుగా అటూ ఇటూ ఆడింది. నేను వేలితో నొక్కి పట్టుకున్నాను, వదిలితే జారింది.

"ఈ కొలత బిళ్ళ ఏదైనా అలాగే కూర్చుంటుందమ్మా" అన్నాడు జాలిగా. "మీరు చేసింది గొప్ప పని. తండ్రి చేసిన తప్పును ఒప్పుకోవడానికి ఎంత గుండె కావాలి!"

"మా నాన్న దొంగ కాదు."

"కూతుళ్ళు అలాగే అంటారు. అనాలి కూడా."

ఆయన జాలిపడకుండా తిట్టి ఉంటే నేనూ తిట్టి ఇంటికి పోయేదాన్నేమో. కాగితం తీసి రాయడం మొదలుపెట్టాడు. నా ముందుకు తోశాడు. 'కుటుంబం వద్దనున్న రెండో సగం, ఖెమైస్ కుమార్తె వసీలా తిరిగి అప్పగించినది.'

కలం తీసుకుని 'కుటుంబం వద్దనున్న' కొట్టేశాను. 'తిరిగి' కొట్టేశాను. పైన 'తోటలో దొరికిన' అని రాశాను.

"అలా దిద్దకూడదమ్మా, ప్రభుత్వ కాగితం." ఇంకోటి రాశాడు, అదే మాట. నేను మళ్ళీ కొట్టేశాను.

"సంతకం పెట్టకపోతే ఠాణా మాట వస్తుంది" అన్నాడు మెల్లగా.

"రానివ్వండి. మా ఇంటికి ఆ దారి తెలుసు."

కాపలాదారు గడియారం చూసుకున్నాడు. కిటికీలో ఎండ పసుపు తిరిగింది. ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ కొత్త కళాయి గిన్నెల్లో చోర్బా ఉడుకుతోంది, ఆ వాసన గదిలోకి వచ్చి ముగ్గురినీ పలకరిస్తోంది. సీ అయాదీ మొదటి రోజు ఉపవాసం ఇంట్లో, మనవల మధ్య విడవాలని బయల్దేరిన మనిషి. ట్యూనిస్ మూడు గంటల దూరం. నేను కుర్చీ లాక్కుని బల్లకు అడ్డంగా కూర్చున్నాను. మా ఇల్లు రెండు వీధుల అవతలే. నా సంతకం లేనిదే ఆయన కదలలేడు.

పొద్దుగుంకే మగ్రిబ్ నమాజు వేళకి ఆయన పట్టు సడలింది. కొత్త కాగితం తీసి నేను చెప్పినట్టే రాశాడు: 'తోటలో దొరికిన రెండో సగం. ఖెమైస్ కుమార్తె వసీలా తెచ్చి ఇచ్చినది.' సంతకం పెట్టాను. పెడుతుంటే మసీదు నుంచి పిలుపు వినిపించింది.

సీ అయాదీ జేబులోంచి చిన్న పొట్లం తీశాడు. కాపలాదారుకు ఒక ఖర్జూరం ఇచ్చి, తానొకటి తీసుకుని, నాకొకటి ఇవ్వడానికి చెయ్యి చాచాడు. "తీసుకోండి. కోపం చాలు, ఉపవాసం విడవండి."

తెల్లవారుజాము నుంచి నా గొంతులో నీటిచుక్క దిగలేదు. ఆయన కళ్ళలోకి చూశాను. ఆ కాగితం మీద మాటలు రాయించింది ఆకలి, నమ్మకం కాదు.

"మా నాన్న దొంగ కాదని ఒక్కసారి మీ నోటితో అనండి. అప్పుడు తింటాను."

ఆయన చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తర్వాత ఆ ఖర్జూరం కూడా తన నోట్లోనే వేసుకున్నాడు.